వెనుకసీటు వేంకటేశ పద్యత్రయం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కాళిదాసుకు వ్యాఖ్యానం రాయబూనినప్పుడు మల్లినాథసూరి మూలంలో లేనిదేదీ రాయనని, ఎవరికీ అక్కర్లేనిది చెప్పనని మాట ఇచ్చాడు. మెతుకుసీమ కొల్చారం వాడాయన. అంత నిగ్రహం మాకు సాధ్యం కాదు. ఆయన ముందున్నది రఘువంశం. మా ముందున్నవి మూడే మూడు ఆటవెలదులు. వాటిలో కవి చెప్పినదానికన్నా చెప్పకుండా వదిలేసిందే ఎక్కువ. ఆ వదిలేసిన చోట్లనే చేతులు తెగుతున్నాయి.

కవి పేరు తెలియదు. దేశం అమెరికా. రాష్ట్రం టెక్సాసని, అందులోనూ డాలస్‌కు ఉత్తరాన మనవాళ్లు వీధులకు వీధులు నిండిపోయిన ఫ్రిస్కో వైపని ఊహిస్తున్నాం. దొరికిన ఏకైక ప్రతి మీద నల్లటి జిగురు మరకలున్నాయి. తలుపు లోపలి తడిపొరను అతికించే బ్యూటైల్ జిగురు అది. ఒకసారి అంటుకుంటే తాళపత్రానికైనా టీషర్టుకైనా వదలదు. కాబట్టి కవి చేసి రాసినవాడే గాని చూసి రాసినవాడు కాడని నిశ్చయం.

గ్రంథారంభంలో అనుబంధ చతుష్టయం చెప్పడం పెద్దల పద్ధతి. విషయం: నాలుగు తలుపుల పికప్పు ట్రక్కు వెనుక తలుపులో కిటికీ అద్దాన్ని ఎత్తి దించే యంత్రాన్ని మార్చడం. దాన్ని పుస్తకాల్లో రెగ్యులేటర్ అంటారు. అధికారి: వారంటీ గడువు తీరి, షోరూములో చెప్పిన కూలి ఒకసారి విని వచ్చినవాడు. సంబంధం: బండికీ అతనికీ ఇంకా మిగిలివున్న బ్యాంకు వాయిదాలు. ప్రయోజనం: గాలి.

'ఏసీ ఉన్న బండికి కిటికీ గాలి దేనికి?' అని ఆక్షేపించకూడదు. అద్దం పైన ఇరుక్కుపోతే ఆ ప్రశ్నకు విలువుంటుంది. ఇక్కడ అద్దం కింద పడిపోయింది. ఏసీ చల్లదనమంతా వీధి పాలవుతోంది. సాయంత్రం వాన సూచన కూడా ఉంది.

వెనుక తలుపు పుట్టుపూర్వోత్తరాలు కొంత చెప్పాలి. పికప్పుకు మొదట్లో వెనుక సీటే లేదు. ముందు మనుషులు, వెనుక సరుకు, అంతే. 1957లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ ట్రావెలెట్ అనే ట్రక్కుకు రెండో వరుస సీటు పెట్టి, దానికి ఒక్కవైపే తలుపు పెట్టింది. ముందు రెండు, వెనుక ఒకటి, వెరసి మూడు తలుపులు. నాలుగో తలుపు 1961లో గాని రాలేదు. మీట నొక్కితే కదిలే కిటికీ అంతకన్నా పాతది. 1940లోనే ప్యాకార్డ్ కార్లలో ఉంది, కాకపోతే అది ద్రవపీడనంతో నడిచేది. పూర్తిగా విద్యుత్తుతో నడిచేది 1951 క్రైస్లర్ ఇంపీరియల్‌తో వచ్చింది. ఈ రెండు సంప్రదాయాలూ కలిసి పికప్పు వెనుక తలుపులో సంసారం పెట్టడానికి చాలా కాలం పట్టింది. అప్పటిదాకా చేత్తో తిప్పే పిడి ఉండేది. పిడి కాలంలో పద్యాలు పుట్టలేదు.

ప్రథమ పద్యం

మీట నొక్క మోత మేఘమై యురుమును
కాని యద్ద మింత కదలబోదు
తలుపు విప్పి చూడ తంతువే తెగియుండె
వినుము వెనుక సీటు వేంకటేశ

ప్రతిపదార్థం: వెనుక సీటు వేంకటేశ = వెనుక సీటునందు ఆసీనుడవైన ఓ వేంకటేశా; వినుము = చెవి ఒగ్గుము; మీటన్ = తలుపుకు అమర్చిన స్విచ్చిని; నొక్కన్ = నొక్కగా; మోత = లోపలి మోటారు చప్పుడు; మేఘమై = మబ్బు వంటిదై; ఉరుమును = గర్జించును; కాని = అయినను; అద్దము = కిటికీ పలక; ఇంత = ఇసుమంతయు; కదలబోదు = చలింపదు; తలుపున్ = వెనుక ద్వారమును; విప్పి చూడన్ = లోపలి అట్టను ఊడదీసి పరికింపగా; తంతువే = ఉక్కుతీగయే; తెగియుండెన్ = ఖండితమై యుండెను.

తాత్పర్యం: చప్పుడుంది, ఫలితం లేదు. తప్పు తీగది.

విశేషాలు: మకుటంలోని వేంకటేశుడెవరన్నది మొదటి వివాదం. తిరుమలవాసుడేనని భక్తి సంప్రదాయం వారంటారు. ఆ స్వామి ఫొటో డ్యాష్‌బోర్డు మీద ఉంటుంది గాని వెనుక సీట్లో ఎందుకుంటుందని ఎదుటి పక్షం. ఆరునెలల వీసా మీద కూతురింటికి వచ్చిన మామగారని ఇంకొందరు. ఇది బొత్తిగా పొసగదు. మామగారిని పట్టుకుని 'వినుము' అని ఏకవచనంలో గద్దించగల అల్లుడు తెలుగువాళ్లలో పుట్టలేదు. మీదుమిక్కిలి మామగారు వస్తే ముందు సీటు ఆయనది, భార్య వెనక్కి వెళుతుంది. మరి వెనుక సీట్లో శాశ్వతంగా కూర్చునేవాడు, ఏకవచనానికి నొచ్చుకోనివాడు, ఎండలో నిలబెట్టి పని చెప్పినా కాదనలేనివాడు ఎవరు? ఎమ్మెస్ చదవడానికి వచ్చి అక్క ఇంట్లో మకాం పెట్టిన బావమరిది. మూడో పద్యం చూశాక ఈ విషయంలో ఎవరికీ సందేహం మిగలదు.

'మీట నొక్క' అన్నచోట కవి తొందరపడ్డాడు. నొక్కితే అద్దం దిగుతుంది. ఎక్కాలంటే మీటను గోటితో పైకి లాగాలి. ఇది అలవాటు కాదు, శాసనం. పాతకాలపు మీటలు ఊగుడుబల్ల లాంటివి. కిటికీలోంచి తల బయటపెట్టిన పిల్లవాడి మోకాలు పొరపాటున ఆ మీట మీద పడితే అద్దం పైకి లేచి మెడకు పట్టేసేది. ప్రాణాలు పోయాయి. 2005లో అమెరికా కాంగ్రెసు చేసిన రవాణా చట్టంలోనే, అద్దం పైకి వెళ్లాలంటే మీటను పైకి లాగితేనే వెళ్లాలని రాశారు. ఆ దేశపు భద్రతా ప్రమాణాల్లో 118వది దీని గురించే. అప్పటినుంచి మీటలు ఒక గుంటలో ముడుచుకుని కూర్చున్నాయి, మోకాలికి అందవు. కవి 'లాగ' అనవలసిందని ఒక వ్యాఖ్యాత సవరణ సూచించాడు. 'మీట లాగ మోత' అన్నా గణాలు సరిపోతాయి, యతి కూడా పోదు. అయినా మేము మూలం ముట్టుకోలేదు. విసుగెత్తినవాడు మీటను రెండువైపులా వాయిస్తాడు, కవి అందులో ఒక వైపు చెప్పాడు.

ఇక అలంకారం. మేఘమై ఉరుమును అన్నది పైకి రూపకంలా కనిపిస్తుంది. ఈ పద్యానికి ప్రాణం అది కాదు, రెండో పాదంతో కలిసి ఏర్పడే విశేషోక్తి. కారణం నిండుగా ఉండి కార్యం పుట్టకపోవడం విశేషోక్తి. మోటారుకు పన్నెండు వోల్టుల విద్యుత్తు వస్తోంది, మోటారు తిరుగుతోంది, చప్పుడు వీధంతా వినబడుతోంది, అద్దం మాత్రం లేవదు. దీనికి సరిగ్గా ఎదురైన అలంకారం విభావన, అంటే కారణం లేకుండానే కార్యం జరగడం. బండి స్పీడ్‌బ్రేకర్ ఎక్కి దిగగానే ఎవరూ మీట ముట్టకుండా అద్దం దానంతటదే తలుపులోకి జారిపోవడం ఇందుకు ఉదాహరణ. ఒకే తలుపులో, ఒకే రోజున, ఈ రెండలంకారాలూ కలిసి కనబడటం కావ్యాల్లో అరుదు. తీగ తెగిన కిటికీలో ఇది మామూలే.

పూర్వపక్షం: ఫ్యూజు పోయి ఉండవచ్చు కదా? పోతే ఉరుము ఎక్కడిది? స్విచ్చి చెడి ఉండవచ్చు కదా? అదీ అంతే, చప్పుడే సాక్ష్యం. తలుపుకూ స్తంభానికీ మధ్య రబ్బరు గొట్టంలో వెళ్లే వైర్లు తలుపు తీసి వేసే కొద్దీ నలిగి తెగుతాయి, ఆ దోషం కావచ్చు కదా? అదైనా మౌనమే వస్తుంది, మోత రాదు. అయితే మోటారే చెడిందందామా? ఇక్కడ పూర్వపక్షి కొంచెం గట్టివాడు. మోటారు గర్భంలో ప్లాస్టిక్ పళ్లచక్రం ఒకటుంటుంది. దాని పళ్లు అరిగిపోయినా మోటారు ఇలాగే ఉత్తినే తిరుగుతుంది, చెవికి తేడా తెలియదు. సిద్ధాంతి దీన్ని ఖండించలేదు, ఖండించకూడదు. అందుకే కవి మోత వినగానే తీర్పు చెప్పక 'విప్పి చూడ' అన్నాడు. ఆ 'చూడ' అన్న మాటను పాదపూరణ అనుకుని దాటేసి, బయటినుంచే మోటారుకు ఆర్డరు పెట్టినవాళ్లకు రెండు పార్శిళ్లు వస్తాయి, మొదటిది వాపసు పంపడానికి పోస్టాఫీసుకు వెళ్లాల్సి ఉంటుంది.

'తంతువే' అన్నది విప్పి చెప్పాలి. తలుపు లోపల నిలువుగా ఒక ఇనుప పట్టా ఉంటుంది. ముందు తలుపుల్లో అద్దం వెడల్పు కాబట్టి చాలా బళ్లలో రెండు పట్టాలుంటాయి, వెనుక ఒకటితో సరిపెడతారు. పట్టా మీద జారే ఒక ప్లాస్టిక్ ముక్క అద్దం అడుగు అంచును పట్టుకుని ఉంటుంది. పట్టాకు పైనా కిందా చిన్న కప్పీలు, పక్కన తీగ చుట్టుకునే బిళ్ల, ఆ బిళ్లను తిప్పే మోటారు. తీగ ఒకవైపు చుట్టుకుంటుంటే రెండోవైపు విడుస్తుంటుంది. నూతి గిలక మీద తాడు నడిచినట్టే, కాకపోతే ఇక్కడ బొక్కెన రెండు దిక్కులా లాగబడుతుంది. మోటారులోని పురుగుమర మోటారు వైపునుంచి తిప్పితేనే తిరుగుతుంది, అద్దం బరువు దాన్ని వెనక్కి తిప్పలేదు. అందుకే తీగ బాగున్నంత కాలం అద్దం ఎక్కడ ఆపితే అక్కడ నిలుస్తుంది. తీగ తెగిన క్షణంలో పురుగుమరకూ అద్దానికీ చుట్టరికం తెగిపోతుంది. ఇక ఆ అద్దానికి భూమ్యాకర్షణ ఒక్కటే బంధువు.

పాఠభేదం ఒకటుంది. 'తంతువే' బదులు 'చక్రమే' అని కొందరు చదువుతారు. అంటే తెగింది తీగ కాదు, కప్పీ అని అర్థం. తలుపులోని తకారానికి చక్రంలోని చకారం కుదరదు కాబట్టి ఆ పాఠంలో యతి చెడుతుంది. యంత్రశాస్త్రం మాత్రం చెడదు. నిజానికి ముందుగా పగిలేది ఎక్కువసార్లు ప్లాస్టిక్కే, జారే ముక్క గాని కప్పీ గాని. టెక్సాస్ ఎండకు తలుపు లోపల ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. కప్పీ పగలగానే తీగ వదులై బిళ్ల మీద చిక్కుపడి, పిచ్చుక గూడులా తయారై, చివరికి తెగుతుంది. విప్పినవాడి కంటికి తెగిన తీగే ముందు కనిపిస్తుంది, పగిలిన ముక్క తలుపు అడుగున ఎక్కడో దొర్లుతుంటుంది. కవికి తంతువు కనిపించింది, తంతువన్నాడు. మెకానిక్కు చక్రమంటాడు. యతి కోసం మేము కవివైపు ఉన్నాం, లోలోపల మెకానిక్కువైపు.

తెగింది తీగ ఒక్కటే కదా, దాన్నే మార్చకూడదా అన్న ప్రశ్నకు సమాధానం: మార్చవచ్చు. కొందరు మార్చారు కూడా. ఆ బిళ్ల మీద తీగను సరైన బిగువులో చుట్టి పెట్టాక ఇక జీవితంలో మరో తలుపు ముట్టకూడదని వాళ్లు అనుకుంటారు. పట్టాలు, కప్పీలు, తీగ కలిపి ఒకే సామానుగా దొరుకుతున్నాయి. అదే కొనడం శిష్టాచారం.

ద్వితీయ పద్యం

దాగియున్న మరలు దయతోడ విడదీసి
క్లిప్పు లెగిరిపడిన క్లేశపడక
పైకి నెత్తి పిదప పక్కకు లాగుము
వినుము వెనుక సీటు వేంకటేశ

ప్రతిపదార్థం: దాగి ఉన్న = కంటికి కనబడని; మరలు = స్క్రూలను; దయతోడ = కనికరముతో; విడదీసి = ఊడదీసి; క్లిప్పులు = అట్టను తలుపుకు పట్టియుంచు ప్లాస్టిక్ పిడులు; ఎగిరిపడినన్ = తుళ్లి దూరముగా పడినప్పటికిని; క్లేశపడక = చింతింపక; పైకిన్ = ఊర్ధ్వ దిశగా; ఎత్తి = లేపి; పిదప = తరువాత; పక్కకున్ = నీ వైపునకు; లాగుము = ఆకర్షింపుము.

తాత్పర్యం: లోపలి అట్ట ఊడదీయు విధానం చెప్పబడింది.

విశేషాలు: మొత్తం కార్యంలో నిజమైన కష్టం ఈ పద్యంలోనే ఉంది. యంత్రం మార్చడం నాలుగు బోల్టుల పని. దాన్ని చేరుకోవడమే పని. కవికి ఇది తెలుసు గనుకనే మూడు పద్యాల్లో ఒకటి పూర్తిగా దీనికి కేటాయించాడు.

'దాగియున్న' అన్నాడు. ఎక్కడ దాగి ఉన్నాయో చెప్పలేదు. వ్యాఖ్యాత చెప్పాలి. తలుపు తీసే పిడి వెనుక గిన్నెలో చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది, దాని కింద ఒకటి. చేయి ఆన్చుకునే బల్ల గుంటలో రబ్బరు పరుపు ఉంటే, దాని కింద ఒకటి. స్విచ్చిల పలకను సన్నటి ప్లాస్టిక్ రేకుతో పైకి లేపితే, దాని కింద మరొకటి దొరకవచ్చు. అమెరికా బళ్లలో వీటిలో చాలావాటికి తల మీద ఆరు కోణాల నక్షత్రం గుంట ఉంటుంది, టార్క్స్ అంటారు. 'దయతోడ' అన్న మాట ఈ టార్క్స్ తలల గురించే. ఒక అంగుళం తేడా బిట్టుతో బలవంతం చేస్తే నక్షత్రం గుండ్రటి గుంటగా మారుతుంది. గుండ్రటి గుంటను మామూలు బిట్టు ఏదీ తిప్పలేదు, డ్రిల్లు దాకా వెళ్లాల్సి వస్తుంది. ఇందులో 'అంగుళం' అన్నది అతిశయోక్తి. పిసరంత తేడా చాలు.

రెండో పాదంలో 'పడిన' అన్న మాట తర్వాత 'క్లే' అన్న సంయుక్తాక్షరం వచ్చింది కాబట్టి నకారం గురువవుతుందా అని ఛందోవేత్తలు అడగవచ్చు. రెండూ వేరువేరు పదాలు కాబట్టి కాదు. క్లిప్పు వేరు, క్లేశం వేరు అన్నదే ఆ పాద సందేశం. అట్ట చుట్టూ ఉండే క్లిప్పుల్లో ఒకటో రెండో విరగడం సృష్టిధర్మం. అందుకే అవి పొట్లాల్లో అమ్ముతారు. విరిగింది తలుపు రంధ్రంలోనే ఇరుక్కుని ఉంటే పట్టుకారుతో లాగి పారేసి, కొత్తది అట్టకే ముందుగా తొడగాలి. ఎగిరిన క్లిప్పు కోసం గరాజు నేలంతా మోకాళ్ల మీద వెతకడం క్లేశం.

మూడో పాదంలో రెండు మతాలున్నాయి. ఊర్ధ్వవాదులు కవి మాటను అక్షరాలా పాటిస్తారు: మరలు తీశాక అట్టను రెండు చేతులా పట్టి నిట్టనిలువుగా పైకి ఎత్తితే కొక్కేలనుంచి విడివడుతుందంటారు. పార్శ్వవాదులది వేరే దారి: ముందు అడుగు అంచున, పక్క అంచుల్లో క్లిప్పులు పటపటమని ఊడేలా తమవైపు లాగి, ఆ తర్వాతే అద్దం పెదవి దగ్గర ఉన్న అంచును పైకి లేపాలంటారు. 'పిదప' అన్న పదాన్ని వెనక్కి జరిపి అన్వయించుకుంటే కవి తమవాడేనని కూడా వాదిస్తారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఇద్దరి బళ్లే వేరు. కొక్కేల అట్టను పక్కకు లాగినా, క్లిప్పుల అట్టను పైకి ఎత్తినా, విరిగేది అట్టే. కాబట్టి మతం ఏదో తేల్చుకోవడానికి శాస్త్రచర్చ వద్దు. ఆ బండి, ఆ సంవత్సరం చెప్పి, అదే తలుపు విప్పినవాడి వీడియో ఒకటి చూడటమే ప్రమాణం. ప్రత్యక్షం అన్ని ప్రమాణాలకూ పెద్దది.

కవి మౌనం దాల్చిన మరో చోటు: అట్ట విడివడగానే చేతుల్లోకి రాదు. దాని వెనుక స్విచ్చి వైర్లు, తలుపు పిడి కేబులు, కొన్ని బళ్లలో స్పీకరు వైరు, అంచు దీపం వైరు తగులుకుని ఉంటాయి. అట్టను వాటి మీద వేలాడదీయకూడదు. ఇక్కడే రెండో మనిషి కావాలి. విప్పడానికి ముందు బ్యాటరీ రుణ తీగ విడదీయమని పెద్దలు చెప్పడానికీ కారణం ఉంది. లోపల చేయి పెట్టి ఉండగా అక్క కొడుకు ముందు సీట్లో మీట నొక్కాడంటే, అడ్డు తగిలితే అద్దాన్ని వెనక్కి దించే రక్షణ తలుపు లోపలున్న మన వేళ్లకు ఉండదు.

అట్ట వెనుక తడిపొర. దీన్ని మాయ అని వేదాంతి అనవచ్చు, ఎందుకంటే ఆవరిస్తుంది, తొలగిస్తే గాని సత్యం కనబడదు. కాని దీన్ని చించేసిన మెకానిక్కు జ్ఞాని కాడు. తలుపు లోపలిభాగం ఎప్పుడూ తడుస్తూనే ఉంటుంది. అద్దం మీద పడ్డ వాన రబ్బరు సందులోంచి లోపలికే దిగి, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. ఆ తడి అట్టకూ, కాళ్ల కింది తివాచీకీ చేరకుండా అడ్డుకునేది ఈ పొరే. కాబట్టి జిగురును నెమ్మదిగా సాగదీస్తూ ఒక అంచునుంచి విప్పాలి, తిరిగి అదే జిగురుతో ఒత్తిపెట్టాలి. వానాకాలంలో వెనుక సీటు కింద తివాచీ ముక్కిపోయిన వాసన వస్తుంటే, ఎవరో ఎప్పుడో తలుపు విప్పి పొర సరిగా అతికించలేదని చెప్పవచ్చు.

తృతీయ పద్యం

గాజు పట్టి నిలుపు గట్టిగా టేపుతో
బోల్టు లూడదీసి పొందికగను
పాతదాని తీసి పరికించి కొత్తది
పెట్టు వెనుక సీటు వేంకటేశ

దీనికి ప్రతిపదార్థం అక్కర్లేదు, పామరులకు కూడా తెలిసే తెలుగే. విచారించవలసింది నాలుగో పాదం. మొదటి రెండు పద్యాల్లో ఉన్న 'వినుము' ఇక్కడ మాయమై 'పెట్టు' వచ్చింది. పకార వకారాలకు మైత్రి ఉంది కనుక యతికి లోటు లేదు. ఇంతవరకూ వినడంతో సరిపెట్టిన బావమరిదిని బావ ఇప్పుడు పనిలోకి దించాడు. స్వామివారిని 'పెట్టు' అని పురమాయించే సాహసం ఏ శతకకారుడూ చేయడు. మకుట వివాదం ఇక్కడితో సమాప్తం.

గాజు ముందు పైకి రావాలి. తీగ తెగినప్పుడు అది తలుపు అడుగున కూర్చుని ఉంటుంది. రెండు అరచేతులు రెండు వైపులా ఆనించి, నిలువుగా, ఒక మూల ముందు లేవకుండా పైకి తేవాలి. వంకరగా లేస్తే పక్క గాడిలో బిగుసుకుంటుంది. అది టెంపర్డ్ గాజు. ముఖం మీద దెబ్బ ఓర్చుకుంటుంది గాని అంచు మీద ఇనుము చిన్నగా తగిలినా మొత్తం ఒక్కసారిగా చిన్నచిన్న గుళ్లుగా రాలిపోతుంది. అందుకని స్క్రూడ్రైవరుతో కింద నుంచి ఎత్తే ప్రయత్నాన్ని అన్ని సంప్రదాయాలూ ముక్తకంఠంతో నిషేధించాయి. పైకి వచ్చాక తలుపు చట్రం మీదుగా లోపలి నుంచి బయటికి టేపు వేసి నిలబెట్టాలి. ఏ టేపో కవి చెప్పలేదు. రంగులేసేవాళ్లు వాడే నీలం టేపు మంచిది, వెండిరంగు డక్ట్ టేపు ఎండకు జిగురు వదిలి రంగు మీద మరక చేస్తుంది.

కార్లలో వెనుక చక్రం తలుపు కింది మూలను కొరికేస్తుంది, అందుకే చాలా కార్ల వెనుక అద్దం సగం దిగి ఆగిపోతుంది. పికప్పులో వెనుక చక్రం సరుకుల తొట్టి కింద ఉంటుంది. తలుపు అడుగు తిన్నగా ఉంటుంది కనుక అద్దం చాలావరకు పూర్తిగా దిగుతుంది. దిగినంత దూరమూ ఎత్తాలి కూడా.

'బోల్టులు' అన్నాడు. కొన్ని బళ్లలో పట్టాకు బోల్టులుండవు, రివెట్లుంటాయి. కవి బండికి బోల్టులున్నాయి కాబట్టి రివెట్ల వాళ్లకు పద్యం లేదు. వాళ్లు రివెట్టు తలను డ్రిల్లుతో తొలిచి, కొత్త యంత్రాన్ని రివెట్టు తుపాకీతో గాని, సరైన మందం బోల్టు, నట్టు, లాకు వాషరుతో గాని బిగించాలి. అద్దాన్ని పట్టుకున్న బోల్టులు మరో రకం చిక్కు. లోపలి రేకులో వాటికి ఎదురుగా రంధ్రాలుంటాయి, అద్దం సరిగ్గా ఒక ఎత్తులో ఉన్నప్పుడే బోల్టు తల ఆ రంధ్రంలో కనబడుతుంది. మోటారు పనిచేస్తే మీటతో ఆ ఎత్తుకు తెస్తారు. తీగ తెగింది కనుక ఇక్కడ జారే ముక్కను వేలితో తోయడమే. ఆ రేకు అంచులు కత్తుల్లా ఉంటాయి. తొడుగులు వేసుకోమని కవి చెప్పలేదు, అప్పటికే కోసుకుని ఉంటాడు.

'పరికించి' అన్నది పద్యం మొత్తానికీ ప్రధానమైన క్రియ. పాతదీ కొత్తదీ నేల మీద పక్కపక్కన పెట్టి చూడాలి. ఎడమదా కుడిదా? బండి ముందుకు చూస్తూ కూర్చున్నవాడి ఎడమే ఎడమ, తలుపు ముందు నిలబడి చూసేవాడిది కాదు. డ్రైవరు ఎడమన కూర్చునే అమెరికాలోనూ, కుడిన కూర్చునే మన దేశంలోనూ ఈ లెక్క మారదు. మోటారుతో వచ్చిందా, లేకుండానా? పాత మోటారు మంచిదైతే మూడు మరలు విప్పి దాన్నే కొత్త పట్టాకు మార్చవచ్చు. ప్లగ్గులో పిన్నులెన్ని? ఒక్క లాగుతో మొత్తం ఎక్కే అద్దానికీ, లాగి పట్టుకుంటేనే ఎక్కే అద్దానికీ మోటార్లు వేరుగా ఉంటాయి.

బిగింపు గురించి కవి నోరు మెదపలేదు. నాలుగో పద్యం ఒకటుండేదనీ అది జిగురు కింద పోయిందనీ కొందరంటారు. మాకు నమ్మకం లేదు. కంపెనీల మరమ్మతు గ్రంథాలన్నీ ఈ ఘట్టంలో ఒకే వాక్యం రాస్తాయి: విప్పిన క్రమానికి తలకిందులుగా బిగించవలెను. కవి ఆ వాక్యం చదివి, ఇక తనకు రాయడానికేమీ లేదని కలం పెట్టేసి ఉంటాడు. ఆ వాక్యమంత సోమరి వాక్యం ఏ శాస్త్రంలోనూ లేదు. విప్పేటప్పుడు అద్దం సరిగ్గా మధ్యలో ఉందా అన్న ప్రశ్న రాదు, బిగించేటప్పుడు వస్తుంది. అద్దం బోల్టులను సగమే బిగించి, అద్దాన్ని పూర్తిగా పైకి పంపి, గాడిలో తనంతట తాను కుదురుకోనిచ్చి, అప్పుడు కిందికి తెచ్చి పూర్తిగా బిగించాలి. గాడిలోని మెత్తటి అంచుకు సిలికాన్ స్ప్రే కొట్టాలి. పెట్రోలియం నూనె ఏదీ వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. అట్ట బిగించకముందే బ్యాటరీ కలిపి నాలుగైదుసార్లు ఎక్కించి దించి చూసుకోవాలి. ఆ తర్వాతే పొర, వైర్లు, అట్ట, మరలు, మూతలు.

ఒక్క లాగుతో ఎక్కే అద్దాలకు ఇంకో సంస్కారం మిగిలివుంటుంది. కొత్త యంత్రానికి పైకొస ఎక్కడో తెలియదు. మధ్యలో ఏ మాత్రం బిగువు తగిలినా ఎవరిదో చేయి అడ్డుపడిందనుకుని వెనక్కి దిగిపోతుంది. అద్దం పూర్తిగా పైకి వెళ్లాక మీటను అలాగే కొన్ని సెకన్లు పైకి పట్టి ఉంచితే చాలా బళ్లు నేర్చుకుంటాయి. కొన్ని కింద కూడా పట్టి ఉంచమంటాయి. బండి పుస్తకంలో ఉంటుంది, గ్లవ్‌బాక్సులో రిజిస్ట్రేషను కాగితాల కింద.

ఇంత పనీ అయ్యాక వెనుక సీట్లో కూర్చున్న బావమరిది మీట లాగాడు. మోత లేదు, మేఘం లేదు. "బావా, చచ్చిపోయింది ఇది," అన్నాడు. ఈ సన్నివేశానికి మూలంలో పద్యం లేదు గాని సంప్రదాయంలో ఉత్తరం ఉంది. మళ్లీ మరలు ముట్టుకోకుండా ముందు డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్లి చూడాలి. అక్కడ అద్దం మీద అడ్డగీత ఉన్న బొమ్మతో ఒక చిన్న మీట ఉంటుంది, అది నొక్కి ఉంటే వెనుక కిటికీల మీటలు పనిచేయవు. మధ్యాహ్నమంతా ముందు సీట్లో స్టీరింగు తిప్పుతూ ఆడుకున్న అక్క కొడుకు దాన్ని ఎప్పుడో నొక్కేశాడు.